ఇద్దరమ్మల ఇల్లు, కాగితం మీద ఒక్కరే అమ్మ: బడిలో వేసేలోపు ఏమేం సిద్ధం చేసుకోవాలి?

రెండు కొప్పులు అడిగారు:

హైదరాబాద్‌లో కలిసి ఉంటున్న ఇద్దరు ఆడవాళ్ళు. పాపకి నాలుగేళ్ళు. పెళ్ళికాని ఒంటరి మహిళగా క్లినిక్‌కి వెళ్ళి, దాత వీర్యంతో ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించే వైద్యం) చేయించుకుని కన్నది ఒకరు. జనన ధ్రువపత్రంలో తల్లి పేరు ఉంది, తండ్రి గడి ఖాళీ. పాపకి జడలు వేసేదీ, జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేదీ రెండో ఆవిడ. ఆవిడ పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు. ఇద్దరూ హిందువులే. వచ్చే జూన్‌లో బడి.

అడగాల్సినవి ఇవి. రెండో అమ్మ ఆసుపత్రిలో సంతకం పెట్టాలన్నా, బడి నుంచి పాపని తీసుకురావాలన్నా ఏం కావాలి? కన్నతల్లికి ఏమైనా అయితే పాప ఎవరి దగ్గరికి వెళ్తుంది? పాపకి ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి? పిలుపు సంగతేమిటి? ఇంతవరకు ‘పిన్ని’ అని అలవాటు చేశారు.

అభినందనలూ సానుభూతీ వద్దండి. ఏ కాగితం ఎంతవరకు నిలబడుతుంది, ఎక్కడ తెగుతుంది అన్నది తెలిస్తే చాలు.

---

వకాల్తా జవాబు:

చట్టం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో ముందు చూసుకోండి, లేకపోతే లేని తలుపు తడుతూ కూర్చుంటారు. 2018 సెప్టెంబరు 6 నాటి నవ్‌తేజ్ సింగ్ జోహర్ తీర్పు స్వలింగ సంబంధాల మీద నేరం అన్న ముద్ర తీసేసింది. కుటుంబం ఊసెత్తలేదు. 2023 అక్టోబరు 17న సుప్రియో కేసులో (స్వలింగ జంటల పెళ్ళి గురించినది) సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తులూ పెళ్ళి ప్రాథమిక హక్కు కాదన్నారు. జంటగా దత్తత తీసుకునే హక్కు 3–2 తేడాతో పోయింది. రివ్యూ పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేశారు. అంచేత రెండో ఆవిడకి ‘తల్లి’ అన్న హోదా తెచ్చిపెట్టే కాగితం ఇవాళ మన దేశంలో ఏదీ లేదు. ఉన్నవన్నీ ముక్కలే. బొంత కుట్టినట్టు వాటినే కలిపి కుట్టుకోవాలి.

కన్నతల్లి వైపు మాత్రం నేల గట్టిగానే ఉంది. 2021 ఏఆర్‌టీ (సంతానం కోసం క్లినిక్‌లలో చేసే వైద్యాల) చట్టం 21 నుంచి 50 ఏళ్ళ లోపు మహిళకి, పెళ్ళితో పని లేకుండా, ఈ వైద్యం అనుమతిస్తుంది. పుట్టిన బిడ్డ మీద దాతకి ఏ హక్కూ ఉండదు. పెళ్ళికాని తల్లి ఒక్కతే సంరక్షకురాలు కావచ్చని, అందుకు తండ్రికి నోటీసు ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2015 జులై 6నే చెప్పింది. క్లినిక్‌లో సంతకం పెట్టిన అంగీకార పత్రాలూ, బిల్లులూ పారేయకండి. ‘తండ్రి ఎవరో దాచిపెట్టారు’ అని రేపు ఎవరైనా కోర్టుకెక్కితే నోరు మూయించేవి అవే.

ఇక అసలు కాగితం వీలునామా. హిందూ మైనారిటీ (అంటే మైనరు పిల్లల), సంరక్షణ చట్టం (1956) 9వ సెక్షన్ ప్రకారం, పెళ్ళి బంధం బయట పుట్టిన బిడ్డకి సహజ సంరక్షకురాలైన తల్లి తన తదనంతరం సంరక్షకులెవరో వీలునామాలో రాయవచ్చు. ఇందులో జనం చేసే తప్పులు మళ్ళీమళ్ళీ అవే. ‘పాపని ఫలానా ఆమె చూసుకోవాలి’ అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. పాప మనిషికీ, పాప ఆస్తికీ, రెండిటికీ సంరక్షకురాలు అని విడమరిచి రాయండి. ఆస్తి ఊసు లేకపోతే మనిషి ఒకరి దగ్గర, ఇంటి కాగితాలు ఇంకొకరి దగ్గర అవుతాయి. ఆవిడకి వీలుకాకపోతే ఎవరన్నది రెండో పేరుగా పెట్టండి. ఎందుకు ఆమెని ఎంచుకున్నారో నాలుగు వాక్యాలు రాయండి: పుట్టినప్పటి నుంచి ఒకే ఇంట్లో ఉన్నారని, ఖర్చులు పంచుకున్నారని, పాప ఆమెని అమ్మలా ఎరుగునని. సాక్షులు ఇద్దరు, మీకంటే చిన్నవాళ్ళు, వీలునామాలో ఏ లాభమూ లేనివాళ్ళు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించండి. ఆ సంతకం ఆవిడది కాదనో, మతి స్థిమితం లేదనో అనడం అప్పుడు కష్టమవుతుంది.

క్రైస్తవ, ముస్లిం కుటుంబాలకి ఈ 9వ సెక్షన్ వర్తించదు. వాళ్ళు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం దారిలోనే వెళ్ళాలి. అక్కడ కూడా చనిపోయిన తల్లి కోరిక ఏమిటన్నది కోర్టు చూస్తుంది కాబట్టి రాసిపెట్టడం వృథా కాదు.

తల్లి బతికుండగానే రెండో ఆవిడని కోర్టు ద్వారా సంరక్షకురాలిని చేయించవచ్చా అని చాలామంది అడుగుతారు. అదే 1890 చట్టం 19వ సెక్షన్ అడ్డం. తల్లిగానీ తండ్రిగానీ బతికుండి, అనర్హులు కానంతవరకు ఇంకొకరిని బిడ్డ మనిషికి సంరక్షకులుగా నియమించకూడదు. కన్నతల్లి అనర్హురాలని మీరే నిరూపించుకుంటే తప్ప కుదరదు. ఆ జోలికి వెళ్ళకండి.

రోజువారీ పనులకి అధికార పత్రం చాలు. స్టాంపు పేపరు మీద కన్నతల్లి రాసి, నోటరీ చేయించి ఇవ్వాలి: బడికి సంబంధించిన సంతకాలు, వైద్యానికి అంగీకారం, పాపతో ప్రయాణం, మూడూ పేరుపేరునా. ‘అన్ని వ్యవహారాలు’ అని గుండుగుత్తగా రాస్తే ఆసుపత్రి బిల్లింగ్ కౌంటరులో కుర్రాడు ఇందులో ఆపరేషన్ అని లేదే అంటాడు. రెండు ఒరిజినల్స్ చేయించండి, ఏడాదికోసారి కొత్తగా రాసుకోండి. పాత తేదీ చూస్తే గుమాస్తాలకి అనుమానం. ప్రాణం మీదికొచ్చినప్పుడు డాక్టరు సంతకం కోసం ఆగనక్కర్లేదు. ఈ కాగితంతో పని పడేది నాలుగు రోజుల తర్వాత చేసే ఆపరేషన్లకి, డిశ్చార్జికి, రికార్డులు తీసుకోవడానికి.

ఒక్కటి గుర్తుంచుకోండి. అధికార పత్రం ఇచ్చినవాళ్ళు పోయిన క్షణాన పత్రమూ పోతుంది. తల్లి స్పృహలో లేకుండా పడి ఉన్నా అది చెల్లుతుందని నమ్ముకోవద్దు. వీలునామా పని మొదలయ్యేది చనిపోయాకే. ఈ రెండిటి మధ్య, అంటే మనిషి బతికే ఉంది, మాట్లాడలేదు అన్న దశలో, హైకోర్టుకి వెళ్ళడం తప్ప తేలిక దారి లేదు.

---

గోళీసోడా జవాబు:

ఇంత తంటాలెందుకు? రెండో ఆవిడే పాపని దత్తత తీసుకుంటున్నట్టు పత్రం రాసుకుని రిజిస్టర్ చేయించుకుంటే ఇద్దరూ అమ్మలే అవుతారు కదా.

---

వకాల్తా జవాబు:

కారు. వినడానికి బాగుంటుంది గానీ ఇది ప్రమాదం. హిందూ దత్తత చట్టం (1956) 12వ సెక్షన్ ప్రకారం దత్తత వెళ్ళిన బిడ్డకి పుట్టిన కుటుంబంతో బంధం తెగిపోతుంది. రెండో ఆవిడ తల్లి అవుతుంది, కన్నతల్లి పరాయిదవుతుంది. ఒకే బిడ్డని ఒకేసారి ఇద్దరు దత్తత చేసుకోకూడదని 11వ సెక్షన్ కూడా ఉంది, భార్యాభర్తలు కానివాళ్ళకి అది తగులుతుంది. తల్లి హోదా పోకుండా రెండో తల్లిని చేర్చే దత్తత అమెరికాలో ఉంది, ఇక్కడ లేదు. ఆ పేజీలు చదివి ఇక్కడ ప్రయత్నించి చిక్కుల్లో పడేవాళ్ళే ఎక్కువ.

---

పలకా బలపం జవాబు:

పిల్లలతో మాట్లాడే పని నాది కాబట్టి ఆ వైపు చెప్తాను.

ముందు పిలుపు. ‘పిన్ని’ ఎందుకు ఇబ్బంది పెడుతుందో చూడండి. మన భాషలో ప్రతి వరస వెనకా ఇంకో పది వరసలు ఉంటాయి. పిన్ని అంటే అమ్మ చెల్లెలు. అప్పుడు పక్కింటావిడ ‘పోలికలే లేవే, బాబాయి ఏం చేస్తాడు’ అంటుంది. అత్త అంటే నాన్న చెల్లెలో, మేనమామ భార్యో. అక్కడ నాన్న ప్రశ్న తిన్నగా లోపలికొచ్చేస్తుంది. ఆంటీ అంటే ఇంట్లో అద్దెకున్న మనిషి. ఏ వరస పెట్టినా దాన్ని నిలబెట్టడానికి నాలుగేళ్ళ పిల్ల అబద్ధాలు మోయాలి. ‘అమ్మ, మమ్మీ’ అనో, పేరు చివర అమ్మ చేర్చో పిలిపిస్తే ఆ గొడవ ఉండదు. లక్ష్మిని లక్ష్మమ్మ అనడం మనకి వింత కాదు కదా. నాలుగేళ్ళప్పుడు పిలుపు మార్చడం కష్టం కాదు. పెద్దవాళ్ళు ఒకరినొకరు పాప ముందు ఆ పేరుతోనే ప్రస్తావించుకుంటే (‘వెళ్ళి మమ్మీకి చూపించు’) కొన్ని వారాల్లో మారిపోతుంది. ఇద్దరూ కూర్చోబెట్టి ‘ఇవాళ్టి నుంచి ఇలా పిలువు’ అని ఆజ్ఞాపిస్తే మాత్రం మొండికేస్తుంది.

దాత సంగతి ఇప్పుడే మొదలుపెట్టండి. పెద్దయ్యాక చెప్దాం అనుకున్న ఇళ్ళలోనే చిక్కు వస్తుంది. కేంబ్రిడ్జ్‌లో సుసాన్ గోలంబాక్ బృందం దాత ద్వారా పుట్టిన పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించింది. ఏడేళ్ళలోపు తెలిసిన పిల్లలు కౌమారంలో తల్లితో ఎక్కువ సఖ్యంగా, మనసు కుదురుగా ఉన్నట్టు తేలింది. చిన్నప్పుడే చెప్తే అది పాపకి తన పుట్టుక కథ అవుతుంది. పద్నాలుగేళ్ళకి చెప్తే ఇన్నాళ్ళూ దాచారన్న సంగతే పైకొస్తుంది.

మాటలు ఇలా ఉంటే సరిపోతుంది. మూడు, నాలుగేళ్ళకి: ‘పాప పుట్టాలంటే ఆడవాళ్ళ దగ్గర ఉండే చిన్న గుడ్డు, మగవాళ్ళ దగ్గర ఉండే చిన్న విత్తనం కావాలి. మన దగ్గర గుడ్డు ఉంది, విత్తనం లేదు. ఒక మంచాయన ఇచ్చాడు. డాక్టరమ్మ అమ్మ పొట్టలో పెట్టింది.’ ఆరు, ఏడేళ్ళకి ఆయన ఎవరని అడుగుతుంది. ‘మాకూ తెలియదు, ఆసుపత్రివాళ్ళు పేరు చెప్పరు’ అన్నది నిజమే కాబట్టి అదే చెప్పండి. మన చట్టంలో బిడ్డ పెద్దయ్యాక దాత పేరు తెలుసుకునే ఏర్పాటు లేదు. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ నుంచి దానం చేసినవాళ్ళ వివరాలు బిడ్డకి 18 ఏళ్ళు నిండాక అడిగి తెలుసుకోవచ్చు. ఇంటర్‌నెట్ చూసి పాప ఆ ఆశ పెట్టుకోవచ్చు కాబట్టి ముందే తెలిసి ఉండండి. ‘దాత’ అనండి. ‘అసలు నాన్న’ అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి, ముఖ్యంగా ముసలివాళ్ళ నోట. ‘దేవుడిచ్చాడు’ అని దాటేస్తే ఎనిమిదో తరగతి జీవశాస్త్రం పుస్తకం దగ్గర దొరికిపోతారు.

ఇంకో తేడా పాపకి నేర్పాలి: రహస్యం వేరు, సొంత విషయం వేరు. ‘ఎవరికీ చెప్పకు’ అంటే ఇంట్లో ఏదో తప్పు జరుగుతోందని పిల్ల అర్థం చేసుకుంటుంది. ‘నీకు చెప్పాలనిపిస్తే చెప్పు, అనిపించకపోతే అది మా ఇంటి సంగతి అను’ అంటే అదుపు పిల్ల చేతిలో ఉంటుంది. ‘మీ నాన్న ఏం చేస్తాడు’ అన్నది మన బళ్ళలో మొదటి వారంలోనే వచ్చే ప్రశ్న. ‘మా ఇంట్లో నాన్న లేడు, ఇద్దరమ్మలు’ అని చెప్పి వెంటనే ఎదుటి పిల్లని ఒక ప్రశ్న అడగడం (‘నీకు కుక్కపిల్ల ఉందా?’) ఆటలా పది, పదిహేను సార్లు సాధన చేయించండి. పిల్లల మాటలు అక్కడితో తెగిపోతాయి. ‘చనిపోయాడు’, ‘దుబాయ్‌లో ఉన్నాడు’ లాంటివి మాత్రం చెప్పించవద్దు. ఆరు నెలల తర్వాత దుబాయ్ నుంచి ఏం తెచ్చాడని ఇంకో పిల్ల అడుగుతుంది.

బడిలో అందరికీ చెప్పనక్కర్లేదు. క్లాసు టీచరుకీ, ప్రిన్సిపాల్‌కీ చెప్పాలి, అది కూడా చేరిన వారంలోనే. ‘నా కుటుంబం’ పాఠం, వంశవృక్షం చార్టు చిన్న క్లాసుల్లో ఎలాగూ వస్తాయి. చార్టు మీద తండ్రి గడి ముందే అచ్చయి ఉంటే పిల్ల క్లాసులో అందరి ముందు ఆగిపోతుంది. గడులు లేని చెట్టు బొమ్మ ఇవ్వమని ముందే అడగండి. తండ్రి పోయిన పిల్లలకీ, తాతల దగ్గర పెరిగే పిల్లలకీ అదే మేలు. అలా అడిగితే టీచర్లు మొహం చిట్లించరు.

తెలుగులో ఏ మాట వాడాలని కూడా అడుగుతుంటారు. పత్రికలు ఏళ్ళుగా రాస్తున్న ‘స్వలింగ సంపర్కులు’ పిల్లల ముందు పనికిరాదు. ఆ మాటలో మనుషులు కనపడరు, పడకగది కనపడుతుంది. ‘స్వలింగ జంట’ కొంత నయం. నాలుగేళ్ళ పిల్లకి అదీ వద్దు, ‘ఇద్దరమ్మలు’ చాలు. లెస్బియన్ అన్న మాట తొమ్మిది, పదేళ్ళకి, బయట తిట్టుగా వినకముందే, ఇంట్లో మామూలుగా వినపడాలి.

---

రెండు కొప్పులు జవాబు:

పిన్ని గురించి చెప్పింది అక్షరాలా నిజం, బాబాయి ప్రశ్న ఎప్పుడో వచ్చేసింది.

ఇంకో రెండు. ‘మగదిక్కు లేని ఇంట్లో పిల్ల ఏమైపోతుంది’ అంటున్న అమ్మమ్మకి చూపించడానికి గట్టి ఆధారాలున్నాయా? రెండోది, రేపు ఆ అమ్మమ్మే కోర్టుకి వెళ్తే వీలునామా నిలబడుతుందా?

---

పలకా బలపం జవాబు:

ఉన్నాయి. అమెరికాలో నానెట్ గార్ట్రెల్ 1986లో మొదలుపెట్టిన అధ్యయనం అన్నిటికంటే పొడవైనది. దాత ద్వారా పుట్టి లెస్బియన్ తల్లుల దగ్గర పెరిగిన పిల్లల్ని పుట్టకముందు నుంచీ గమనిస్తూ వచ్చారు. వాళ్ళకి 25 ఏళ్ళు వచ్చాక 77 మందిని అదే వయసు మామూలు జనాభాతో పోల్చి చూస్తే మానసిక ఆరోగ్యంలో తేడా లేదు. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఆస్ట్రేలియాలో 2014లో సైమన్ క్రౌచ్ బృందం 500 మంది పిల్లల మీద చేసినదాంట్లో సాధారణ ఆరోగ్యం, కుటుంబంలో కలివిడితనం కాస్త మెరుగ్గానే కనిపించాయి. తల్లిదండ్రులే జవాబులిచ్చిన సర్వే అది, కాబట్టి మరీ ఊగిపోనక్కర్లేదు. అందులో నాకు ముఖ్యంగా తోచింది వేరే: బయట చిన్నచూపు ఎదురైన కుటుంబాల పిల్లలకి ఆ మార్కులు తగ్గాయి. నష్టం చేసేది ఇంట్లో నాన్న లేకపోవడం కాదు, వీధిలో మాటలు.

ఎవరైనా 2012 నాటి మార్క్ రెగ్నెరస్ పేపరు చూపించి బెదిరిస్తే, అందులో ‘తల్లిదండ్రుల్లో ఒకరికి ఎప్పుడో ఒకసారి స్వలింగ సంబంధం ఉంది’ అన్నవాళ్ళందరినీ ఒక గంపలో వేశారని చెప్పండి. చాలావరకు విడిపోయిన ఇళ్ళ పిల్లలు. పుట్టినప్పటి నుంచి ఇద్దరమ్మల దగ్గర పెరిగినవాళ్ళు అందులో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

అయితే అమ్మమ్మలు పేపర్లు చదివి మారరు. వాళ్ళకి చేయడానికి ఒక పని ఇవ్వండి. మగదిక్కు అంటున్నారు కదా, ఈ పాపకి మేనమామలు రెండు వైపుల నుంచీ ఉంటారు. చెవులు కుట్టించేటప్పుడు ఒక మేనమామ ఒళ్ళో, అక్షరాభ్యాసానికి ఇంకో మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టండి. గుళ్ళో అర్చనకి గోత్రం అడిగితే కన్నతల్లి పుట్టింటి గోత్రం చెప్తే సరిపోతుంది, పూజారి అంతకుమించి అడగడు. అటూ ఇటూ తాతలు పాపకి చుట్టాలుగా అలవాటు పడటమే తర్వాత కోర్టు గొడవ రాకుండా ఆపే మందు.

---

వకాల్తా జవాబు:

వీలునామా ఉన్నా అమ్మమ్మ కోర్టుకి వెళ్ళవచ్చు. ఆపలేరు. 1956 సంరక్షణ చట్టం 13వ సెక్షన్ ప్రకారం బిడ్డ క్షేమమే అన్నిటికంటే పైన, వీలునామా కంటే కూడా. 1890 చట్టం 17వ సెక్షన్ ఏమేం చూడాలో చెప్తుంది: బిడ్డ వయసు, మతం, సంరక్షకురాలి నడవడి, స్తోమత, రక్తసంబంధం ఎంత దగ్గర, చనిపోయిన తల్లి కోరిక, సంరక్షకురాలికీ బిడ్డకీ ఇప్పటికే ఉన్న సంబంధం. తెలివిడి వచ్చిన వయసైతే బిడ్డ ఇష్టం కూడా అడుగుతారు. రక్తసంబంధం ఒక్కదాంట్లో మీరు ఓడిపోతారు. ‘నడవడి’ అన్న దగ్గర ఎదుటి వకీలు బురద చల్లుతాడు, సిద్ధంగా ఉండండి. ‘ఇప్పటికే ఉన్న సంబంధం’ దగ్గర మీరు గెలవాలి. దానికి సాక్ష్యం ఇవాళ్టి నుంచే పోగవ్వాలి.

బడి ఫీజు ఏటా కొంత రెండో అమ్మ ఖాతా నుంచే కట్టండి, రసీదు ఆవిడ పేరున తీసుకోండి. టీకాల కార్డులో, పిల్లల డాక్టరు ఫైల్లో ‘వెంట వచ్చినవారు’ అన్నచోట ఆవిడ పేరు పడనివ్వండి. బడి దరఖాస్తులో తల్లి గడిలో కన్నతల్లి, గార్డియన్ గడిలో రెండో ఆవిడ, అధికార పత్రం నకలు జతచేసి. తండ్రి గడిలో ఆవిడ పేరు రాయకండి. కొందరు సరదాకో పంతానికో రాస్తారు. ఆ పేరు ఆన్‌లైన్ రికార్డుల్లోకి ఎక్కి, పదో తరగతి మెమో దాకా వెళ్ళి, జనన ధ్రువపత్రంతో సరిపోక చుక్కలు చూపిస్తుంది. ఆ గడి ఖాళీగానే ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవట్లేదంటే 2015 తీర్పు నకలూ, ఒంటరి తల్లి అఫిడవిట్టూ ఇచ్చి రాతపూర్వకంగా అడగండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి బడి, ఆధార్ అన్నిటికీ జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి, తర్వాతి బిడ్డ విషయంలో అందులో ఒక్క అక్షరం తప్పు పోయినా వెంటనే దిద్దించుకోండి.

పాస్‌పోర్టుకి 2016 డిసెంబరు నుంచి ఒక్క పేరెంట్ పేరు చాలు. మైనరుకి ఒంటరి తల్లి ఇచ్చే ప్రకటన అనుబంధం ‘సి’. ‘డి’ ఇద్దరు తల్లిదండ్రులు సంతకం పెట్టేది, పొరపాటున అది నింపుకుని వెళ్తే వెనక్కి పంపుతారు.

---

జమాఖర్చు జవాబు:

డబ్బు వైపు ఎవరూ చెప్పలేదు, చెప్తున్నా.

రెండో అమ్మ వీలునామా రాయకుండా పోతే పాపకి చిల్లిగవ్వ రాదు. పెళ్ళికాని, పిల్లల్లేని హిందూ స్త్రీ సొంత ఆస్తి ఆమె తల్లిదండ్రులకి వెళ్తుంది. ఇల్లు ఇద్దరి పేరునా ఉంటే పాప సగం ఇల్లు తాతతో పంచుకోవాల్సి వస్తుంది. కాబట్టి వీలునామాలు రెండు, ఒకటి కాదు.

‘బతికుండగానే పాపకి గిఫ్టు ఇచ్చేస్తా’ అంటే ఆదాయపు పన్ను దగ్గర ఇరుక్కుంటారు. పన్ను చట్టం లెక్కలో ఆవిడ పాపకి ‘బంధువు’ కాదు. బంధువు కానివాళ్ళ నుంచి ఏడాదిలో వచ్చినవన్నీ కలిపి 50,000 రూపాయలు దాటితే మొత్తం మీద పన్ను. మైనరు కాబట్టి అది కన్నతల్లి ఆదాయంలో కలుస్తుంది. అదే వీలునామా ద్వారా వస్తే ఆ పన్ను లేదు. ఇద్దరమ్మల మధ్య ఇచ్చిపుచ్చుకునే పెద్ద మొత్తాలకీ ఇదే చిక్కు, భార్యాభర్తల మినహాయింపు మీకు లేదు. ఇల్లు కొనేటప్పుడు ఎవరి వాటా డబ్బు వాళ్ళ ఖాతా నుంచే బిల్డర్‌కి వెళ్ళేట్టు చూసుకోండి.

సుకన్య సమృద్ధి ఖాతా కన్నతల్లే తెరవాలి, సహజ లేదా చట్టబద్ధ సంరక్షకులకే వీలు. పదేళ్ళలోపు తెరవాలి, ఏడాదికి కనీసం 250, గరిష్ఠం 1,50,000. రెండో ఆవిడ పొదుపు తన పేరునే పెట్టుకుని, వీలునామాలో పాపకి రాయడం నయం. ఆవిడ టర్మ్ పాలసీకి పాపని నామినీగా పెడితే మైనరు కాబట్టి ‘అపాయింటీ’ (మైనరు తరఫున డబ్బు అందుకునేవారు) పేరు అడుగుతారు. అక్కడ కన్నతల్లి. ‘సంబంధం ఏమిటి’ అన్న గడి దగ్గర కూతురు అని రాయకండి. క్లెయిమ్ నాడు నిరూపించలేరు, అబద్ధం చెప్పారంటారు. ఏ మాట రాస్తే తీసుకుంటారో కంపెనీని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఏజెంటు నోటిమాట లెక్కలోకి రాదు.

ఉమ్మడి బ్యాంకు ఖాతాకీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదని రిజర్వు బ్యాంకు 2024 ఆగస్టులో బ్యాంకులకి స్పష్టం చేసింది. ఖాతా ‘ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు’ పద్ధతిలో తెరవండి. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చూ పాప ఫీజూ అందులో ఉండాలి, ఎందుకంటే కోర్టు వ్యవహారం తేలేదాకా మిగతా ఖాతాలు కదలవు. నామినీ అంటే డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే, సొంతదారు కాదు. ఆ తేడా తెలియకే చాలామంది వీలునామా మానేస్తారు.

---

డల్లాస్ గోంగూర జవాబు:

అమెరికాలో ఉన్న తెలుగు జంటలు ఇది చదువుతుంటే ఒక మాట. ఇక్కడ పెళ్ళయిన ఇద్దరమ్మల పేర్లూ జనన ధ్రువపత్రంలో ఉంటాయి, 2017లో పేవన్ వర్సెస్ స్మిత్ తీర్పు దానికే. చాలామంది అక్కడితో ఆగిపోతారు. జనన ధ్రువపత్రం ఆఫీసు రికార్డు మాత్రమే, కోర్టు తీర్పు కాదు. కనని అమ్మ కోర్టులో దత్తత డిక్రీ తెచ్చుకోవాలి. ఇక్కడ దానివల్ల కన్నతల్లి హక్కు పోదు. ఒక రాష్ట్రం ఇచ్చిన ఆ డిక్రీని ఇంకో రాష్ట్రం కాదనకూడదని 2016లో వీ.ఎల్. వర్సెస్ ఈ.ఎల్. కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాలిఫోర్నియా లాంటిచోట్ల ఇంటి తనిఖీ లేకుండానే అయిపోతుంది, కొన్ని రాష్ట్రాల్లో సొంత బిడ్డని చూడటానికే సోషల్ వర్కర్ వస్తుంది. చిరాకు పడకుండా చేయించుకోండి.

సెలవులకి ఇండియా వచ్చేటప్పుడు ఆ డిక్రీ సర్టిఫైడ్ కాపీకి రాష్ట్ర ప్రభుత్వం దగ్గర అపోస్టిల్ (వేరే దేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించి తెచ్చుకోండి. ఇండియా 2005 నుంచి ఆ అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. అంతమాత్రాన మన ఆఫీసులు ఇద్దరమ్మల్ని ఒప్పుకుంటాయని కాదు. ఎయిర్‌పోర్టులోనో ఆసుపత్రిలోనో ‘ఈ పిల్ల మీకేమవుతుంది’ అన్నప్పుడు కోర్టు ముద్ర ఉన్న కాగితం మాట్లాడుతుంది. కనని అమ్మ ఒక్కతే పిల్లని తీసుకొస్తుంటే కన్నతల్లి నోటరీ లేఖ కూడా జతచేయాలి.

---

ఊరగాయ జాడీ జవాబు:

ఇద్దరు నాన్నల ఇళ్ళ కోసం రెండు ముక్కలు, ఎవరూ రాయట్లేదు కాబట్టి. సరోగసీ దారి మూసేశారు: 2021 చట్టంలో పెళ్ళయిన జంటలకీ, 35–45 ఏళ్ళ వితంతు, విడాకులు పొందిన స్త్రీలకీ మాత్రమే. ఒంటరి పురుషుడికి దత్తత ఉంది గానీ మగపిల్లాడినే ఇస్తారు. రెండేళ్ళలోపు బిడ్డ కావాలంటే ఒంటరివారి వయసు 40 దాటకూడదు, 2–4 ఏళ్ళ బిడ్డకి 45, 4–8కి 50. సహజీవనంలో ఉన్న ఒంటరి దరఖాస్తుదారుల్ని తీసుకోబోమని కారా (దత్తతల్ని చూసే కేంద్ర సంస్థ) 2022 జూన్‌లో సర్క్యులర్ ఇచ్చింది. ఇంటి తనిఖీకి వచ్చిన సోషల్ వర్కర్‌కి రూమ్‌మేట్ అని చెప్పి నెట్టుకురావచ్చు అని కొందరు సలహా ఇస్తారు. బిడ్డని మీ ఇంటికి పంపినప్పటి నుంచి రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి మళ్ళీ వస్తారు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే దత్తతే ప్రశ్నలో పడుతుంది. ముందు వకీలుతో మాట్లాడకుండా ఆ ఫారం ముట్టుకోవద్దు.

---

రెండు కొప్పులు జవాబు:

అందరికీ నమస్కారాలు. వీలునామాలు రెండు, అధికార పత్రం, ఉమ్మడి ఖాతా, టీచరుతో మాట, ‘పిన్ని’ బంద్. ఈ క్రమంలోనే మొదలవుతుంది. చివరిగా ఒకటి: ఒరిజినల్ వీలునామా ఎక్కడ పెట్టాలి? బ్యాంకు లాకరు సరిపోతుందా?

---

వకాల్తా జవాబు:

ఆ లాకరు కన్నతల్లి ఒక్కరి పేరున ఉంటే వద్దు. ఆవిడ పోయాక తెరవమంటే హక్కుదారులని నిరూపించే కాగితం తెమ్మంటారు, ఆ కాగితం లాకరు లోపల ఉంటుంది. ఇద్దరి పేరునా లాకరు మార్పించండి, లేదా సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేయండి. ఎలాగూ రిజిస్టర్ చేయిస్తారు కాబట్టి ఆ డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసో ఒక చీటీ మీద రాసి రెండో ఆవిడ పర్సులో ఒకటి, ఏదో ఒక మేనమామ దగ్గర ఒకటి ఉంచండి. మరణ ధ్రువపత్రం చూపిస్తే ఆ నంబరు మీద సర్టిఫైడ్ కాపీ ఇస్తారు.